పిల్లలతో గంగ ఒడ్డున

దక్షిణ ఢిల్లీలో మేము నివసించే పేట పేరు సాకేత్. సాకేతమంటే అయోధ్యే గదా! కనుక ఈ పేటవాసులు ఇల్లు విడిచి గంగాతీరానికి బయలుదేరడంలో రామాయణ సమ్మతి లేకపోలేదు. సాకేతం వదలిన సీతారామలక్ష్మణులు శృంగిబేరపురం చేరి, గంగ ఒడ్డున గారచెట్టు కింద గడ్డిపరుపు మీద ఒక రాత్రి గడిపినట్లు వాల్మీకి చెప్పాడు. లక్ష్మణుడూ గుహుడూ ఆ రాత్రి కన్ను మూయక కావలి కాశారు. మరునాడు గుహుడు తెప్పించిన నావలో గంగ దాటారు. ఆ తరువాత యమున ఎదురైనప్పుడు నావ దొరకలేదు. అన్నదమ్ములిద్దరూ ఎండుకర్రలు, వెదుళ్లు కూర్చి, వట్టివేళ్లు పరచి తామే తెప్ప కట్టుకున్నారు. నేరేడు కొమ్మలతో సీతకు ఆసనం అమర్చిన తరువాతనే ఆమెను ఎక్కించారు.

ఒడ్డున విడిది, ఏటిలో తెప్ప. ఇప్పటి ఢిల్లీ కుటుంబాలు శుక్రవారం సాయంకాలం కారు డిక్కీ నింపుకొని వెళ్లేది వీటికోసమే. గమ్యం సాధారణంగా ఋషీకేశానికి ఎగువనున్న శివపురి. సాకేత్ నుంచి రమారమి 260 కిలోమీటర్లు. మీరట్, ముజఫర్‌నగర్, రూర్కీ, హరిద్వారాల మీదుగా దారి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే బంధువులు కూడా ఇదివరకు హరిద్వారంలో స్నానం చేయించమని మాత్రమే అడిగేవారు. ఇప్పుడు, "పిల్లలకు రాఫ్టింగు కూడా చూపిస్తావా?" అని అడుగుతున్నారు. చూపించడమా, చేయించడమా అన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మాటల పెట్టెలో తెప్ప

అనువాదకులకు ఎక్కడికి వెళ్లినా మాటల వేటే. 'రాఫ్ట్' అన్నది కొత్తగా దిగుమతి అయిన మాటలా వినిపిస్తుంది గాని, మనకు తెప్ప ఎప్పటినుంచో ఉన్నది. దేవుడికి తెప్పోత్సవం చేస్తాము. కృతఘ్నుణ్ణి ఏరు దాటి తెప్ప తగలేశాడంటాము. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అన్న సామెత పడవవాడి పట్ల లోకం తీరును ఉన్నదున్నట్లు చెప్పింది. 'పాడిల్' మన తెడ్డే. ఇక 'రాపిడ్' అనే మాటకు నేను 'ఉరవడి' అని వాడుకుంటాను. నది ఇరుకున పడి, రాళ్లమీదుగా నురుగులు కక్కుతూ దూకే చోటు అది.

శివపురి నుంచి ఋషీకేశం వరకు ఉన్న ఉరవడులకు పేర్లు పెట్టినవారు ఇంగ్లీషు చదువుకున్న చిలిపివారై ఉండాలి. ఒకదాని పేరు 'రిటర్న్ టు సెండర్'. విలాసం దొరకని ఉత్తరం మీద తపాలావారు వేసే ముద్ర అది. మరొకటి 'రోలర్ కోస్టర్'. ఇంకొకటి 'గోల్ఫ్ కోర్స్'. గోల్ఫ్ మైదానం నిండా గుంటలే గదా, ఇక్కడి నీటిలోనూ అంతే. దాని దిగువన 'క్లబ్ హౌస్' ఉండనే ఉన్నది. ఎగువన బ్యాసీ దగ్గర 'ద వాల్' అని ఒకటి ఉన్నది. గోడ అన్నమాట. పేరు వినగానే దాని స్వభావం తెలుస్తుంది.

ఈ పేర్లన్నీ ఆటవస్తువుల పేర్లలా ఉండడం నాకు కొంచెం ఆందోళన కలిగించింది. పేరు నవ్వు పుట్టించినంత మాత్రాన నీరు నవ్వదు.

నది చూడని పిల్లలు

అయినా పిల్లలను నది దగ్గరకు తీసుకువెళ్లవలసిందేనని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

మా తరంలో చాలామంది కాలువగట్ల మీద పెరిగినవాళ్లం. మా తాతగారి ఊరిలో ఇంటి వెనుక నుంచే గోదావరి కాలువ పారేది. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట నీరే అది. కాలువ కట్టేసినప్పుడు బురదలో చేపపిల్లలు పట్టడమూ, వదిలినప్పుడు రేవు మెట్లు ఎన్ని మునిగాయో లెక్కపెట్టడమూ మాకు తెలుసు. ఏ మెట్టు దాటి దిగకూడదో ఎవరూ పాఠం చెప్పలేదు. అమ్మమ్మ కేకే పాఠం.

సాకేత్‌లో పుట్టిన మా పిల్లలకు దగ్గరలో ఉన్న నది యమున. వజీరాబాదు నుంచి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్ల పొడవునా ఢిల్లీ మురుగంతా మోస్తూ పారే యమున. కాళిందీ కుంజ్ వంతెన దాటేటప్పుడు కారు అద్దాలు పైకెత్తుకుంటాము. చలికాలంలో నీటిమీద తెల్లటి నురుగు కొండలు కొండలుగా తేలుతుంది. ఏడేళ్ల మా అబ్బాయి ఒకసారి దాన్ని చూసి మంచు అనుకున్నాడు. నది అంటే ముక్కు మూసుకొని దాటవలసిన వస్తువు అని నేర్చుకున్న పిల్లలు రేపు పెద్దవారై ఏ నదిని కాపాడతారు? నీటి దగ్గర ఎలా మెలగాలో తెలియని పిల్లలు మొదటిసారి నీటిని చూసినప్పుడు తమ్ము తాము ఎలా కాపాడుకుంటారు? ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని నాకు తోస్తుంది.

అందుకని ఈ ఏడు మార్చి చివర, పరీక్షలు ముగిసిన వారంలో, మూడు తెలుగు కుటుంబాలవాళ్లం కలిసి బయలుదేరాము. పెద్దలం ఆరుగురం. పిల్లలు అయిదుగురు. అందరిలో పెద్దవాడికి పదిహేనేళ్లు. మా అమ్మాయికి పది, అబ్బాయికి ఏడు.

గుడారం ఎక్కడ వేయాలి?

ఒకప్పుడు గంగ ఒడ్డునున్న తెల్లటి ఇసుకతిన్నెల మీదనే గుడారాలు వరసలు తీరి ఉండేవి. వాటివల్ల మరుగుదొడ్ల మురుగు, చెత్త, అర్ధరాత్రి పాటల హోరు అన్నీ నదికే చేరాయి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా నుంచి ఋషీకేశం వరకు నదీతీరపు విడుదులను నిలిపివేసింది. సరైన నిబంధనలు ఏర్పడేవరకు అవి సాగరాదన్నది. తెప్పలను మాత్రం సాగనిచ్చింది. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, తగిన విధానం రూపొందించేదాకా తెప్పలను కూడా ఆపమని ఉత్తర్వు చేసింది. ఆ తరువాతనే అవి మళ్లీ నీటిలోకి దిగాయి. నది పక్కన వినోదం పెరిగితే ఎవరో ఒకరు గంట కొట్టవలసిందే.

మా విడిది గంగకు దూరంగా, శివపురి దగ్గర గంగలో కలిసే హేంవల్ అనే చిన్న ఏటి లోయలో, గట్టుకు బాగా ఎగువన ఉన్నది. పేరు చిన్నదే గాని హేంవల్‌కు చరిత్ర ఉన్నది. 1977లో ఈ లోయలోని అద్వానీ అడవిలో పల్లెటూరి ఆడవాళ్లు చెట్లకు రాఖీలు కట్టి, గొడ్డళ్లకు అడ్డం నిలిచారు. చిప్కో ఉద్యమంలో అదొక ఘట్టం. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు మా అమ్మాయి, "చెట్టును అన్నయ్యగా చేసుకున్నారా?" అని అడిగింది. అంతకన్న మంచి వ్యాఖ్యానం నేను రాయలేను.

గుడారపు బ్రతుకు పిల్లలకు వెంటనే నచ్చింది. జిప్పు తెరిస్తే ఇల్లు, మూస్తే కోట. చీకటి పడితే టార్చిలైటే సూర్యుడు. పొద్దున్నే బూట్లు తలకిందులుగా దులిపి తొడుక్కోవాలన్న నియమం వాళ్లకు పరమ సాహసంగా కనిపించింది. ఏటిలో మోకాలి లోతున గులకరాళ్లు ఏరి ఆనకట్ట కట్టారు. మధ్యాహ్నానికి నీరు దాన్ని పక్కనుంచి తప్పించుకుపోయింది. నీరు పల్లమెరుగు అన్న సామెతను వాళ్లు తమ చేతులతో కనిపెట్టారు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత లోయ అంతా ఏటి చప్పుడే. చాలాసేపు విని మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, ఏరు రాత్రి కూడా నడుస్తుందా? దానికి నిద్ర లేదా?"

వయసు గడి

మరునాడు పొద్దున అసలు విషయం వచ్చింది. మా తెప్పకు సారథి ఒక గఢ్వాలీ యువకుడు. అక్కడివాళ్లు గైడ్ అంటారు. గోదావరి లాంచీ మీద సరంగుకు ఉన్న స్థానం తెప్ప మీద ఇతనిది. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి వయసులు అడిగాడు. పదిహేనేళ్లవాణ్ణి ఒక్కణ్ణి తన పక్కకు తీసుకున్నాడు. పద్నాలుగేళ్లు నిండనివారిని తెప్ప ఎక్కించరాదన్నది అక్కడి నియమం. ఆ సంగతి ముందుగానే కనుక్కొని వెళ్లాము గనుక నేనూ మావారూ మా ఏర్పాటు చేసుకున్నాము. ఒక రోజు ఆయన తెప్ప ఎక్కుతారు, ఒక రోజు నేను. రెండవవారు పిల్లలతో ఒడ్డున.

మాతో వచ్చిన మిత్రుడొకాయన మాత్రం ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల కొడుకుకు ఆయన ఢిల్లీలోనే మాట ఇచ్చేశాడు. "నేను పక్కనే కూర్చుంటాను. గట్టిగా పట్టుకుంటాను. అదనంగా ఎంత ఇమ్మంటే అంత ఇస్తాను" అన్నాడు హిందీలో.

సారథి కోపగించుకోలేదు. తన శిరస్త్రాణం తీసి ఆ అబ్బాయి తలమీద పెట్టాడు. అది కళ్ల మీదికి జారింది. పెద్దవాళ్లు తొడుక్కునే లైఫ్ జాకెట్ ఒకటి తొడిగి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగాడు. జాకెట్టు పైకి వచ్చింది, పిల్లవాడు కింద మిగిలాడు. "నీళ్లలో జరిగేది ఇదే సాబ్‌జీ" అన్నాడు. "మీరు పట్టుకుంటానంటున్నారు. తెప్ప తిరగబడితే మనిషి చేతికి మొదట ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాడు. అది తాడో, తెడ్డో, మీ అబ్బాయో ముందుగా ఎవరూ చెప్పలేరు."

అంతటితో తేలిపోయేదే. కాని రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఈ సంభాషణ విన్న మరొక తెప్పల బేరగాడు మా మిత్రుణ్ణి పక్కకు పిలిచాడు. తెప్ప ఎక్కేముందు సంతకం చేయవలసిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో పేరుకు ఒక గడి, వయసుకు ఒక గడి. "వయసు గడిలో పద్నాలుగు వేయండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడతడు. కాగితమూ కలమూ చేతిలో పెట్టాడు.

పిల్లవాడు ఆశగా తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు. తల్లి ఏమీ అనలేదు. ఆమె ముఖం మాత్రం తెల్లబోయింది. మా మిత్రుడు కాగితం చదివాడు. అందులో చివరి వాక్యం, ఏమి జరిగినా బాధ్యత తమదేనని. కొంతసేపు అలాగే నిలబడి, కలం మూత బిగించి, రెండూ తిరిగి ఇచ్చేశాడు. "వీడి పుట్టినరోజు నాకు తెలుసు" అన్నాడు తెలుగులో, ఎవరితోనూ కాకుండా.

పిల్లవాడు ఏడ్చాడు. మా సారథి వాణ్ణి ఎత్తుకుపోయి, ఒడ్డున తాడుతో కట్టి ఉన్న తెప్ప ముందుభాగాన కూర్చోబెట్టి, తెడ్డు చేతికిచ్చి, "ఫార్వర్డ్!" అని ఆజ్ఞ ఇచ్చాడు. వాడు పావుగంటసేపు ఇసుకలో తెడ్డు వేశాడు. మిగతా ముగ్గురూ వెనుక చేరారు. ఒడ్డుమీద కదలని తెప్పలో నలుగురు పిల్లలు గంగ అంతా ఈదేశారు.

సారథి ఎందుకు కాదన్నాడు?

మరునాడు నా వంతు వచ్చినప్పుడు ఆ నియమం ఎందుకున్నదో ఒంటికి తెలిసింది. హిమాలయపు వాగులు వానాకాలంలో బండరాళ్లను దొర్లించుకువచ్చి గంగలో కలిసేచోట కుప్పపోస్తాయి. నది ఆ కుప్ప పక్కనుంచి ఇరుకుగా, వాలుగా దూకుతుంది. తరచు అక్కడే ఉరవడి పుడుతుంది. పెద్ద రాతి మీదుగా దూకిన నీరు దిగువన గుంట చేసి, వెనక్కి మళ్లి తన మీద తానే తిరుగుతుంది. అందులో పడ్డదాన్ని అంత తేలికగా విడువదు. ఉరవడులను ఒకటి నుంచి ఆరు వరకు తరగతులుగా విభజించారు. ఒకటవది అలల గలగల. ఆరవది ప్రాణాల మీది పందెం. శివపురి నుంచి ఋషీకేశం వరకు 16 కిలోమీటర్లలో తగిలేవి చాలామటుకు రెండు, మూడు తరగతులవి. బ్యాసీ దగ్గరి గోడ అంతకుమించినది.

మూడవ తరగతి అంటే మధ్యరకమని పుస్తకం చెబుతుంది. మధ్యరకపు అల ముఖాన కొట్టినప్పుడు నాకు ఊపిరి అందలేదు. మార్చిలోనూ అది మంచు కరిగిన నీరే. పెద్ద ఒళ్లు ఆ చలికి తట్టుకునే సేపు చిన్న ఒళ్లు తట్టుకోలేదు. నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు చాపి, రాళ్లను పాదాలతో నెట్టుకుంటూ పోవాలని సారథి ముందే నేర్పుతాడు. తెప్ప తిరగబడిన క్షణంలో ఆ పాఠం గుర్తుంచుకోవడం నలభై దాటిన నాకే కష్టం. ఏడేళ్లవాడి నుంచి ఎలా ఆశిస్తాము?

అయితే ఆ ఆనందం ఉత్తదనను. రోలర్ కోస్టర్ దాటి నిశ్చలమైన నీటిలోకి జారినప్పుడు, ఎనిమిది తెడ్లు ఒక్కసారి గాలిలోకి లేచినప్పుడు, ఇరుగట్ల మీది కొండలు నెమ్మదిగా వెనక్కి నడుస్తున్నప్పుడు, రామాయణంలోని ఒక చిన్న సంగతి మనసుకు వచ్చింది. నావ నడిగంగకు చేరినప్పుడు సీత చేతులు జోడించి, క్షేమంగా తిరిగివస్తే నిన్ను పూజిస్తానని గంగకు మొక్కుకున్నది. పక్కన రామలక్ష్మణులున్నారు గదా, భయమెందుకని ఆమె అనుకోలేదు. నీటికి ఇవ్వవలసిన మర్యాద నీటికి ఇచ్చింది.

ఎడ్మండ్ హిల్లరీ కూడా ఈ నది మీద అటువంటి మర్యాదనే నేర్చుకున్నాడు. 1977లో ఆయన మూడు జెట్ పడవలతో గంగాసాగరం నుంచి ఎదురీదుతూ హిమాలయానికి బయలుదేరాడు. ఋషీకేశం దాటి, దేవప్రయాగ దాటి, నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డుపడగా పడవలు అక్కడే ఆగిపోయాయి. ఎవరెస్టు ఎక్కిన మనిషికి కూడా నది, ఇక చాలు అని చెప్పింది.

ఇసుకలో పుల్ల

ఆ మూడు రోజులలో పిల్లలు నేర్చుకున్న గొప్ప పాఠం తెప్ప మీద కాదు, ఇసుక మీద. రెండవనాటి సాయంకాలం మా సారథి పిల్లలను హేంవల్ గంగలో కలిసే చోటికి తీసుకువెళ్లాడు. సరిగ్గా నీటి అంచున ఒక వెదురుపుల్ల గుచ్చించాడు. "రేపు పొద్దున వచ్చి చూద్దాము" అన్నాడు.

తెల్లవారి చూస్తే పుల్ల ఒడ్డున లేదు. జానెడు నీటి లోపల నిలబడి ఉన్నది. వాన లేదు, మబ్బు లేదు. మరి నీరెక్కడిది?

సారథి ఎగువకు చూపించాడు. గంగకు ఒక పాయ అయిన భాగీరథి మీద టెహ్రీ ఆనకట్ట ఉన్నది. ఎత్తు 260 మీటర్లు. విద్యుదుత్పత్తి 2006లో ఆరంభమయింది. దాని దిగువన కోటేశ్వర్ అని మరొకటి. ఎక్కడో మనబోటివాళ్లు దీపాలు వేసుకొని, మరలు తిప్పుకునే వేళకు అక్కడ యంత్రాలలోకి నీరు వదులుతారు. ఆ నీరు దేవప్రయాగ దగ్గర అలకనందతో కలిసి ఇక్కడికి వస్తుంది. "ఆకాశాన్ని చూసి నదిని నమ్మకండి" అన్నాడు. మా అమ్మాయి ఆ మాట తన నోటుపుస్తకంలో రాసుకున్నది.

నేను మాత్రం అప్పుడు గంగను చూడడం లేదు. నా మనసు మరొక నది ఒడ్డుకు పోయింది. 2014 జూన్ 8వ తేదీ. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఆరు రోజులు. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో, మండీ జిల్లా థలౌట్ దగ్గర, సాయంవేళ బియాస్ నదిలోని రాళ్లమీదికి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. చూస్తుండగానే నీరు వారి చుట్టూ పెరిగింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వారితో వచ్చిన యాత్రానిర్వాహకుడు ఒకడూ పోయాడు. వారు తెప్ప ఎక్కలేదు, ఈతకు దిగలేదు. పొడిరాళ్ల మీద నిలబడ్డారు, అంతే. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి చూపించినవారు ఆ పిల్లలకు ఎవరైనా ఉన్నారా అని నేటికీ అనుకుంటాను.

మన గోదావరి కథ వేరు, సారం ఒకటే. పాపికొండల యాత్ర ఎరుగని తెలుగు కుటుంబాలు తక్కువ. కొల్లూరు దగ్గర వెదురు గుడిసెలలో రాత్రి బస చేసి, ఇసుక మీద పిల్లలను ఆడించిన జ్ఞాపకాలు ఎందరికో ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉన్న రోజున, రాయల్ వశిష్ఠ అనే పడవ యాత్రికులతో పాపికొండలకు బయలుదేరి కచ్చులూరు దగ్గర మునిగింది. నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పడవను అక్టోబరు 22న గాని పైకి తేలేకపోయారు. ఆ రోజు నది తన వరద తాను పారింది. అటువంటి రోజున, ఈవేళ పడవ కదలదు అని చెప్పవలసినది మనుషులు. ఆ ఒక్క మాట అనేవాడు లేకపోతే ఎంత గట్టి పడవైనా తెప్పపాటి చేయదు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

పిల్లలతో ఋషీకేశం వైపు వెళ్లదలచినవారికి మార్చి, ఏప్రిల్ నెలలూ, అక్టోబరు, నవంబరు నెలలూ అనుకూలం. జూలై, ఆగస్టులలో వర్షాల వల్ల తెప్పలు సాగవు. అప్పుడు కూడా తిప్పుతామనేవాడు ఎదురైతే నమస్కరించి వెనుదిరగండి. మార్చిలో రాత్రులు చలిగా ఉంటాయి, ఉన్ని బట్టలు అవసరం. కొండదారి మలుపులకు పిల్లలకు వాంతులవుతాయి. కడుపు నింపి కారెక్కించకండి.

విడిది కుదుర్చుకునేటప్పుడు గుడారంలో మంచం ఉన్నదా, రాత్రి మంట వేస్తారా అని అందరూ అడుగుతారు. వాటికన్న ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. విడిది నీటికి ఎంత ఎగువన ఉన్నది? మరుగుదొడ్ల మురుగు ఎక్కడికి పోతుంది? పిల్లల కొలతకు సరిపోయే, కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉండే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? తెప్ప వెంట కాపుగా చిన్న కయాక్ పడవ వస్తుందా? వీటికి నిదానంగా జవాబు చెప్పేవారి దగ్గరే దిగండి. ఏటిలో మోకాలి లోతున ఆడుకునే పిల్లవాడికి కూడా జాకెట్టు తొడగండి. ఒక పెద్దమనిషి చేతిలో ఫోను లేకుండా, ఏ పనీ పెట్టుకోకుండా, పిల్లల మీదే కన్ను వేసి కూర్చోవాలి. లక్ష్మణుడి కావలి అంటే అదే.

పిల్లలకు తెప్ప దక్కలేదని బాధపడకండి. వారి వయసుకు తగిన నది వారికి ఒడ్డునే ఉన్నది. రాళ్లు ఏరడం, ఇసుకలో పాదాల గుర్తులు చూడడం, నీరు పల్లాన్ని ఎలా వెతుక్కుంటుందో గమనించడం, నిద్రపోని ఏటి చప్పుడు వింటూ నిద్రపోవడం, ఇవన్నీ పద్నాలుగేళ్లు నిండిన తరువాత మళ్లీ దొరికేవి కావు. తెప్ప అప్పటిదాకా ఆగుతుంది. ఉరవడులు ఎక్కడికీ పోవు.

మా అమ్మాయి లెక్క వేసుకున్నది. తన వంతుకు ఇంకా నాలుగేళ్లున్నదట. ఈలోగా ఈత నేర్చుకుంటానని ఢిల్లీ తిరిగివచ్చిన వారమే చేరింది. మిత్రుడి కొడుకు ఇంకొక విధంగా లెక్క వేశాడు. గోడమీద క్యాలెండరు పక్కన ఒక పుల్ల బొమ్మ గీసి, ఏడాదికొక గీత చొప్పున ఆరు గీతలు పెట్టాడట. ఆరవ గీత దగ్గర తెప్ప బొమ్మ ఉన్నదని వాళ్ల నాన్న చెప్పాడు. ఆ తెప్పలో ఎవరెవరున్నారని అడిగాను.

"వాడు, నేను, వెనుక ఆ సారథి" అన్నాడాయన. "సారథిని మాత్రం అందరికన్న పెద్దగా వేశాడు."